కిడ్నీల రచయిత్రి

మా సంస్థ పేరు చెప్పను. చెబితే దాన్ని కూడా తమ పేరు ప్రస్తావించిన ఒక ఉటంకింపు కింద జమకట్టుకుంటారు. మా డైరెక్టరుగారి పేరు మాత్రం చెప్పక తప్పదు. ఆ పేరు లేకుండా ఇక్కడ ఏ కాగితమూ అచ్చుకాలేదు, ఈ కథకు మాత్రం మినహాయింపు ఎందుకు? ఆయన డాక్టర్ ఆకొండి ఉమాకాంతం. లూపస్ మీద, రోగనిరోధక శాస్త్రం మీద ఎనిమిది వందల పైచిలుకు పరిశోధన పత్రాలు ప్రచురించిన మహానుభావుడు. అన్నం తిని, నిద్రపోయి, రోజుకో సన్మానానికి హాజరయ్యే మనిషికి అన్ని రాయడం ఎలా కుదిరిందని ఎవరైనా అడిగితే చిరునవ్వు నవ్వుతారు. ఆ చిరునవ్వు ఫొటో ఆసుపత్రి గేటు దగ్గర పెద్దది చేసి పెట్టారు. దాని కింద ఎలక్ట్రానిక్ బోర్డు మీద పత్రాల సంఖ్య ఎర్రటి అంకెల్లో వెలుగుతూ ఉంటుంది. ఒకప్పుడు ఆ బోర్డు మీద ఏ డాక్టరు ఏ రోజు ఏ గదిలో ఉంటారో ఉండేది. ఇప్పుడు కొత్తగా వచ్చిన రోగులు ఆ అంకెను టోకెన్ నంబరనుకుని, తమ వంతు ఈ జన్మకు రాదని దిగాలుపడి కూర్చుంటారు.

నేను అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నా పేరు మీద ఉన్నవి రెండే పత్రాలు. అందుకని నన్ను ఓపీలో పడేశారు. మా దగ్గర రోగుల్ని చూడటం శిక్ష కింద లెక్క.

లూపస్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఒంటిని కాపాడటానికి ఒంట్లోనే ఒక సైన్యం ఉంటుంది. అది మతి తప్పి సొంత ఒంటి మీదే పడటం లూపస్. చెంపల మీద ఎర్రటి దద్దు, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, ఆ పైన కిడ్నీలు, గుండె, మెదడు, ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. కాపాడమని పెట్టిన వ్యవస్థే మనవాళ్లను పీక్కుతినడం ఎలా ఉంటుందో మా సంస్థలో పనిచేసినవాళ్లకు విడిగా వివరించనక్కర్లేదు.

అసలు గొడవ పైనుంచి వచ్చిన ఒక ఉత్తర్వుతో మొదలైంది. ఇకనుంచి వైద్య సంస్థల గొప్పతనాన్ని అవి అచ్చువేసిన పత్రాల సంఖ్యతో కొలుస్తారట. బాగైన రోగుల సంఖ్యతో ఎందుకు కొలవకూడదని ఎవరో అమాయకుడు అడిగితే, బాగైనవాళ్లు ఇళ్లకు పోతారు, పత్రాలు ఎక్కడికీ పోవు, కాబట్టి పత్రమే నమ్మదగ్గ ఆధారం అని జవాబొచ్చింది. మా డైరెక్టరుగారు ఆ ఉత్తర్వును కళ్లకద్దుకున్నారు. అయితే ఒక ఇబ్బంది వచ్చిపడింది. పత్రాలు రాయగలిగే డాక్టర్లు కొల్లలుగా ఉన్నారు గాని, రాయడానికి లూపస్ రోగులు అందరికీ చాలినంతమంది లేరు. ఒక రోగికి ఒక పత్రం చొప్పున రాసుకుంటూ పోతే పక్క రాష్ట్రం సంస్థ మమ్మల్ని దాటిపోతుంది.

దీనికి పరిష్కారం డైరెక్టరుగారికి ధ్యానంలో తట్టిందని ఆయన పీఏ చెప్పాడు. మర్నాడే సిబ్బంది సమావేశం పెట్టారు. "మిత్రులారా, లూపస్ రోగిని ఒక రోగిగా చూడటం సంకుచిత దృష్టి. లూపస్ రోగి ఒక గ్రంథాలయం. చర్మం ఒక గ్రంథం, కీళ్లు ఒక గ్రంథం, కిడ్నీ ఒక గ్రంథం. ఒక్క గ్రంథాన్ని చదివి గ్రంథాలయానికి తాళం వేయడం జాతి సంపదను వృథా చేయడమే," అన్నారు. చప్పట్లు మోగాయి. నేను కూడా కొట్టాను, పక్కనే సీసీ కెమెరా ఉంది.

అలా అవయవ కేటాయింపు కమిటీ పుట్టింది. రోగి లోపలికి అడుగుపెట్టగానే ఏ అవయవం ఏ డాక్టరు రాసుకోవాలో కమిటీ నిర్ణయిస్తుంది. చెంపలు చర్మవ్యాధుల వాళ్లకు, మోకాళ్లు ఎముకల వాళ్లకు. జుట్టు కోసం ఇద్దరు కొట్టుకుంటే నడినెత్తి పాపిడి దగ్గర సరిహద్దు గీశారు. కిడ్నీలు రెండున్నాయి కాబట్టి రెండు పత్రాలు. ఎడమ కిడ్నీలన్నీ కిడ్నీ విభాగం డాక్టర్ దండపాణికి, కుడి కిడ్నీలన్నీ డైరెక్టరుగారికి. కుడివైపు శుభమట. ఎవరి పేరున కేటాయింపు జరిగితే వాళ్లు ఆ అవయవానికి 'మొదటి రచయిత' అవుతారు. ఆ మొదటి రచయిత అనుమతి లేకుండా ఆ అవయవానికి వైద్యం చేయకూడదు, చేస్తే సమాచారం చెడిపోతుంది. రోగికి వైద్యం చేయడం ఒక ఆసుపత్రిలో క్రమశిక్షణ ఉల్లంఘన అయిన సందర్భం చరిత్రలో ఇదే మొదటిది కావచ్చు. దాని మీద కూడా ఎవరో ఒకరు పత్రం రాసే ఉంటారు.

ఇలాంటి రోజుల్లో నా గదికి నూకరత్నం వచ్చింది.

ముప్పై దాటని మనిషి. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఎండుచేపలు తెచ్చి సంతల్లో అమ్ముకుంటుంది. ఎండన పడితే చెంపలు మండిపోతున్నాయని మొదట వచ్చింది. పరీక్షలు చేస్తే లూపసని తేలింది. కమిటీ ఆమెను అదే రోజు పంచేసింది. రెండోసారి వచ్చేసరికి పాదాలు ఉబ్బి, నొక్కితే గుంటలు పడుతున్నాయి.

"కాళ్లు పొంగిపోనాయి డాక్టరమ్మా. సెప్పులు ఎక్కట్లేదు. పొద్దున్న లెగిసేసరికి మొకం బూరెలాగ అయిపోతన్నాది," అంది.

మూత్రం పరీక్ష చేయించాను. ప్రోటీన్ ధారాళంగా పోతోంది. లూపస్ కిడ్నీల్లోకి దిగింది. ఇప్పుడు మందు మొదలుపెడితే కిడ్నీలు నిలబడతాయి. ఆలస్యమైతే జీవితాంతం డయాలసిస్ మంచమే ఆమెకు సంత. వైద్య విద్యార్థి ఎవరైనా చెప్పగలిగే మాట ఇది. నేను మందుల చీటీ రాసి ఫార్మసీకి పంపాను. కాసేపటికి చీటీ తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది: ఇరు కిడ్నీలూ కేటాయింపులో ఉన్నవి, రచయితల అనుమతి జతపరచవలెను.

నీ కిడ్నీలు వేరేవాళ్ల పేరున ఉన్నాయమ్మా, వాళ్లను అడగాలి అని నేల చూపులు చూస్తూ చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆలవి ఎలగయ్యాయమ్మా? నానెప్పుడు అమ్మీసినాను?"

డాక్టర్ దండపాణి గదిలో గోడకు పెద్ద గ్రాఫు అంటించి ఉంది. నూకరత్నం ఒంట్లోంచి పోతున్న ప్రోటీన్ గీత అందులో పైకి పాకుతోంది. ఆయన దాని ముందు నిలబడి పెళ్లికూతురి అలంకరణ చూస్తున్నంత మురిపెంగా చూస్తున్నాడు. అనుమతి ఇమ్మన్నాను. ఇంకాస్త ఎక్కనివ్వండి మేడమ్, ఇప్పుడిప్పుడే వంపు తిరుగుతోంది, మందు వేస్తే గీత పడిపోతుంది అన్నాడు.

"గీత పడిపోతే మనిషి లేస్తుంది కదండీ," అన్నాను.

"మనిషి లేస్తే ఏ పత్రిక అచ్చేస్తుంది చెప్పండి," అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే నా దగ్గర సమాధానం ఉంటుందేమోనని అడిగాడు.

ఒళ్లు మండిపోయింది. నేరుగా కమిటీకి ఫిర్యాదు చేశాను. అత్యవసర సమావేశం పెట్టమంటే వారం తరువాత పెట్టారు. ఈలోగా ఆమె కాళ్ల వాపు మోకాళ్లు దాటింది. ఆ మోకాళ్లు రాసుకుంటున్న డాక్టరుగారు వాపు తన పరిధిలోకి చొరబడిందని కిడ్నీ విభాగానికి నోటీసిచ్చారు.

సమావేశంలో డైరెక్టరుగారు నా మాట ఓపిగ్గా విన్నారు. చిత్రమేమిటంటే దండపాణి మెత్తబడ్డాడు. వైద్యానికి ముందు ఒక పత్రం, తరువాత ఒక పత్రం రాసుకోవచ్చని నేను మెల్లగా ఎక్కించాను మరి. ఎడమ కిడ్నీకి తనవైపు నుంచి అభ్యంతరం లేదన్నాడు. ఆ మాటకు డైరెక్టరుగారి కళ్లు మెరిశాయి.

"అద్భుతం. ఎడమ కిడ్నీకి మందు ఇవ్వండి. కుడి కిడ్నీకి ఇవ్వకండి. ఒకే శరీరం, ఒకే రక్తం, ఒకే ఆహారం. ఒకదానికి వైద్యం ఉంది, రెండోదానికి లేదు. పోల్చి చూడటానికి ఇంతకన్నా శ్రేష్ఠమైన ఏర్పాటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?"

మందు నోట్లో వేసుకుంటే రక్తంలో కలుస్తుంది సార్, రెండు కిడ్నీలకూ వెళ్తుంది అని మనవి చేసుకున్నాను.

"అది అమలులో లోపం డాక్టర్, ఆలోచనలో లోపం కాదు," అన్నారాయన. ఎడమ కిడ్నీకి చికిత్స జరపవచ్చుననీ, మందు ప్రభావం కుడి కిడ్నీకి చేరకుండా చూడవలసిన బాధ్యత పూర్తిగా ఓపీ డాక్టరుదేననీ తీర్మానం చేసి టీ తాగారు. ఎనిమిది వందల పత్రాల్లో ఆయన పేరుంది. మింగిన మాత్ర ఎటు పోతుందో ఒక్కదానిలోనూ రాయలేదు కాబోలు.

ఆ రోజు ఇంటికెళ్లి వంట కూడా చేయలేదు. కోపంతో నిద్రపట్టక సంస్థ నియమావళి మొదటి పేజీ నుంచి చదివాను. అందులో 'రచయిత' అంటే ఎవరో చెప్పిన నియమం దగ్గర ఆగిపోయాను. దానికో చరిత్ర ఉంది. డైరెక్టరుగారి బావమరిదికి ఫ్రిజ్‌ల దుకాణం ఉంది. రక్తం, మూత్రం నమూనాలు దాచడానికి మాకు ఫ్రిజ్‌లు అమ్మింది ఆయనే. సరుకుతోపాటు కాస్త కీర్తి కూడా కావాలని ముచ్చటపడితే, ఆయన కోసం నియమాన్ని సవరించారు. పరిశోధనకు అత్యవసరమైన సామగ్రిని సమకూర్చినవారు రచయితలే, అందరికన్నా ఎక్కువ సామగ్రి ఎవరిదో వారికే మొదటి స్థానం అని. ఆ సవరణ పుణ్యాన ఆ ఫ్రిజ్‌ల ఆసామి లూపస్ మీద నలభై పత్రాలకు రచయిత అయ్యాడు. ఆ నలభైలోనూ డైరెక్టరుగారు భాగస్తులే. జాతీయ స్థాయి బహుమతి ఒకటి ఆయన గుమ్మం దాకా వచ్చి ఉంది. ఆ నలభై పోతే అది గుమ్మంలోంచే వెనక్కి పోతుంది.

మర్నాడు నూకరత్నం తరఫున దరఖాస్తు పెట్టాను. ఈ పరిశోధనకు ఆమె సమకూర్చిన సామగ్రి: సొంత కిడ్నీలు రెండు, కావలసినంత రక్తం, అడిగినప్పుడల్లా మూత్రం. కాబట్టి రెండు కిడ్నీలకూ ఆమెనే మొదటి రచయితగా గుర్తించాలని కోరాను.

మళ్లీ కమిటీ. ఈసారి డైరెక్టరుగారి మొహంలో చిరునవ్వు లేదు. "ఎండుచేపలు అమ్ముకునే మనిషి రచయిత ఏమిటి? ఆమెకు లూపస్ గురించి ఏం తెలుసు?" అన్నారు.

"మీ బావమరిదిగారికి ఏం తెలుసు సార్? ఆయన ఫ్రిజ్ ఇచ్చారు. ఆ ఫ్రిజ్‌లో ఉన్నది ఈవిడ ఇచ్చింది," అన్నాను.

ఈ దరఖాస్తు తిరస్కరిస్తే అదే నియమం కింద ఆ నలభై పత్రాలూ ఎగిరిపోతాయని, తిరస్కరించవద్దని నేనేమీ బతిమాలడం లేదని, ఆ తిరస్కరణ రాతపూర్వకంగా ఇస్తే చాలని చెప్పాను. డైరెక్టరుగారు మంచినీళ్లు తాగారు. పరిశోధనా ప్రజాస్వామ్య స్ఫూర్తితో దరఖాస్తును ఆమోదించడమైనది అని మినిట్స్‌లో రాయించారు. ప్రజాస్వామ్యం ఇలాగే వస్తుంది కాబోలు, ఎవరి బావమరిదికో నష్టం వచ్చేటప్పుడు.

నూకరత్నాన్ని పిలిపించి కూర్చోబెట్టాను. నీ కిడ్నీలకు ఇప్పుడు నువ్వే రచయితవి, మందు వేయాలో వద్దో నీ మాటే చెల్లుతుంది అన్నాను.

"అయితే బేగి మందెయ్యండమ్మా. ఈ పాటి మాటకి ఇన్నాళ్లు తిప్పినారేటి?" అంది. సంతకం పెట్టమన్న చోట పెట్టింది. పెట్టేముందు కింద ఇంకేమైనా చిన్న అక్షరాల్లో రాశారేమోనని కాగితం తిప్పి చూసుకుంది.

ఆ మధ్యాహ్నమే మందు మొదలుపెట్టాను, కుడీ ఎడమా చూడకుండా. నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి జ్వరమొచ్చి భయపెట్టింది కూడా. కాని వాపు దిగింది, ప్రోటీన్ పోవడం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఒకరోజు ఆమె నా గదిలోకొచ్చి కాలు ముందుకు చాపి చూపించింది. పాత చెప్పులు ఎక్కాయి. నా ఉద్యోగంలో అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

పత్రం కూడా అచ్చయింది. మొదట నూకరత్నం పేరు, తరువాత దండపాణి, నేను, అట్టడుగున ఆకొండి ఉమాకాంతం. అందులో ఉన్నది ఒకే ఒక్క సంగతి: సకాలంలో మందు వేశాం, కిడ్నీలు నిలబడ్డాయి. ఎక్కడెక్కడి డాక్టర్లో దాన్ని ఉటంకించారు. డైరెక్టరుగారి పత్రాలను అప్పటిదాకా ఎక్కువగా ఉటంకించింది డైరెక్టరుగారే.

సిగ్గున్న మనిషైతే అక్కడితో ఆగేవాడు. డైరెక్టరుగారు 'రోగి రచయిత పథకం' ప్రకటించారు. ఇది తన చిరకాల స్వప్నమన్నారు, బోర్డు పక్కన ఇంకో ఫొటో పెట్టించారు. ఇంకేముంది, రోగులందరూ తమ తమ అవయవాలకు మొదటి రచయితలైపోయారు. రచయితలు కాగానే ప్రతివాళ్లూ చేసిన మొదటి పని వైద్యానికి అనుమతి ఇచ్చుకోవడం. కొన్నాళ్లపాటు మా సంస్థ అచ్చం ఆసుపత్రిలా నడిచింది.

అది ఎక్కువకాలం దాగలేదు. గేటు దగ్గర బోర్డు మీద అంకె కదలడం మానేసింది. ఎందుకని విచారిస్తే, రచయితలు బాగుపడిపోతున్నారని, బాగుపడినవాళ్ల దగ్గర రాయడానికి ఏమీ ఉండటం లేదని తేలింది. వెంటనే కొత్త నిబంధన వచ్చింది. ప్రతి రోగి రచయితా ఏటా రెండు పత్రాలు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ అవయవాలు తిరిగి కమిటీ అధీనంలోకి వస్తాయి. మొదటి మెమో నూకరత్నానికి వెళ్లింది. మీ ఆరోగ్యం అనుమతి లేకుండా మెరుగుపడినందున ఈ సంవత్సరం మీ ప్రచురణలు శూన్యముగా ఉన్నవి, మీ కిడ్నీలపై మీ హక్కులు ఎందుకు రద్దు చేయరాదో తెలుపవలెను అని అందులో ఉంది.

ఆ మెమో పట్టుకుని ఆమె ఓపీకి వచ్చింది. ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన నెత్తళ్ల ఎండుచేపలు, నాకోసం. నేను మెమో చదివి వినిపిస్తుంటే మొదట నమ్మలేదు. మళ్లీ చదవమంది. రెండోసారి విన్నాక ఆమె మొహం ఎర్రబడింది. ఈసారి అది లూపస్ దద్దు కాదు.

"మళ్లీ లాగేసుకుంటారేటమ్మా?" అని మెల్లగా అడిగింది. జబ్బు తిరగబెడితే మందుకు మళ్లీ వాళ్ల కాళ్లు పట్టుకోవాలన్నది ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైంది. లూపస్ తిరగబెట్టే జబ్బే. నేను అబద్ధం చెప్పలేకపోయాను.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, నేను చెప్పినట్టు రాయండన్నది. రాశాను.

"బాబూ, నాకు బాగున్నాది. అదే నాను సేసిన తప్పు. రాయడానికి నా కాడ రోగం లేదు. ఇన్ని రాసిన బాబుకి సొంత కిడ్నీలు లేవేటి? ఆటిని రాసుకోమనండి."

ఒక్క అక్షరం మార్చకుండా పంపాను. మొదటి రచయిత ఏ సూచన చేసినా కమిటీ చర్చించి ఆమోదించి తీరాలని ఒక నియమం ఉంది. అప్పట్లో దాదాపు ప్రతి పత్రానికీ మొదటి రచయిత తానే కాబట్టి, తన సూచనలను ఎవరూ పక్కన పడేయకుండా డైరెక్టరుగారు స్వయంగా రాయించుకున్న నియమమది. కాబట్టి సూచన చర్చకు వచ్చింది. దండపాణి లేచి, ఇంతటి నిస్వార్థ ప్రతిపాదనను బలపరచడం తన భాగ్యమన్నాడు. ఇన్నాళ్లుగా కుడి కిడ్నీలన్నీ డైరెక్టరుగారు ఎగరేసుకుపోయినందుకు అతని కడుపులో ఎంత మంట ఉందో ఆ రోజు అందరికీ తెలిసింది. బల్ల చుట్టూ చేతులన్నీ లేచాయి. కాదంటే తన నియమాన్ని తానే కొట్టేసినట్టవుతుంది కనక డైరెక్టరుగారి చెయ్యి కూడా సగం దాకా లేచింది. ఆయన ఎడమ కిడ్నీ దండపాణికి, కుడిది చర్మవ్యాధుల విభాగానికి కేటాయించారు. ప్రస్తుతానికి జబ్బేమీ లేదని, వచ్చేదాకా వేచి చూడాలని, వచ్చాక రచయితల అనుమతి లేకుండా మందు ఇవ్వరాదని తీర్మానించారు. ఆ హడావుడిలో నూకరత్నం మెమో సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె కిడ్నీలు ఇప్పటికీ ఆమె పేరుమీదే ఉన్నాయి.

దండపాణి తన గది గోడకు కొత్త గ్రాఫు అంటించాడు. దాని మీద ఇంకా గీత లేదు. డైరెక్టరుగారు వరండాలో ఎదురైతే దండపాణి చూపు నేరుగా ఎడమ నడుము మీదకు పోతోంది. ఒంట్లో ఎలా ఉంది సార్ అని ఆశగా అడుగుతున్నాడు.

డైరెక్టరుగారు ఇప్పుడు మా సంస్థలో బీపీ కూడా చూపించుకోవడం లేదు. వారానికోసారి కారు దూరంగా ఆపి, పక్క ఊళ్లో ఒక చిన్న డాక్టరు దగ్గరకు నడిచి వెళ్తున్నారని డ్రైవరు చెప్పాడు. ఆ డాక్టరు ఇంతవరకూ ఒక్క పత్రం కూడా రాయలేదని గట్టిగా వాకబు చేసుకున్నాకే వెళ్లారట.